మూలిక మంచిదే, మట్టి సంగతేమిటి?

పడావు భూమిలో తనంతట తాను మొలిచే ఔషధ మొక్క నేలలోంచి నీటితో, పోషకాలతో పాటు సీసం, కాడ్మియం, క్రోమియం, నికెల్ వంటి భార లోహాలనూ పీల్చుకుంటుంది. అందులో కొంత వేళ్లలోనే ఆగిపోతుంది, కొంత కాండం మీదుగా ఆకులకు చేరుతుంది. ఎంత చేరుతుందన్నది ఆ మొక్క జాతిని బట్టీ, అది మొలిచిన నేలను బట్టీ ఉంటుంది. హైదరాబాద్ తూర్పు వైపున్న ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో ఈ సంగతి కళ్ల ముందే కనిపిస్తుంది. పారిశ్రామిక వాడలు, చెరువులు, మూసీ నది, వరంగల్ రహదారి, వీటి మధ్య మిగిలిన ఖాళీ జాగాలు, ఆ జాగాల నిండా ఉత్తరేణి, గలిజేరు, తంగేడు. అన్నీ కొద్ది కిలోమీటర్ల లోపలే ఉన్నాయి.

నేల, నీరు, పరిశ్రమ

ఇప్పుడు మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఉన్న ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామిక వాడలు దాదాపు ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి. ఇంజనీరింగ్ వర్క్‌షాపుల నుంచి రసాయనాలు, మందులు, ఆహార పదార్థాల తయారీ దాకా ఇక్కడ దశాబ్దాలుగా రకరకాల పనులు సాగాయి. ఒకప్పుడు ఊరి బయట ఉన్న ఈ వాడల చుట్టూ తర్వాత కాలనీలు వెలిశాయి. వాన నీరు, మురుగు నాలాల్లో కలిసి నాచారం చెరువు, రామంతాపూర్ చెరువులు, ఉప్పల్ నల్లచెరువు వంటి వాటిని చేరి, చివరికి మూసీ వైపు సాగుతాయి. నాగోల్, ఉప్పల్ భగాయత్, పీర్జాదిగూడ మీదుగా పారే మూసీ ఒడ్డున పశువుల కోసం గడ్డి పెంచడం ఏళ్ల తరబడి ఉన్న అలవాటు.

ఈ నేలకు తల్లి రాయి గ్రానైట్. దాని వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అది అరిగి అరిగి ఎర్ర చెలకగా మారింది. లోహాలు రాతిలోనే పుట్టుకతో ఉంటాయి. భూమి పైపొరలో సగటున కిలోకు సీసం 15 మిల్లీగ్రాములు, జింక్ 70, క్రోమియం 100 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటాయి. కాడ్మియం మాత్రం 0.2 మిల్లీగ్రాములకు మించదు. కాబట్టి మట్టిలో లోహం కనబడినంత మాత్రాన కాలుష్యం అనలేం. రాతి నుంచి వచ్చినదెంత, మనిషి తెచ్చి పోసినదెంత అని విడదీసి చూడాలి.

మనిషి తెచ్చిపోసే దారులు చాలా ఉన్నాయి. పాత బ్యాటరీలు, రంగులు సీసాన్ని వదులుతాయి. ఎలక్ట్రోప్లేటింగ్ పని క్రోమియం, నికెల్, కాడ్మియంలను వదులుతుంది. తోళ్ల శుద్ధి, రంగుల అద్దకం నుంచి క్రోమియం వస్తుంది. వాహనాల టైర్ల అరుగుదలతో జింక్, బ్రేకుల అరుగుదలతో రాగి రోడ్డు పక్క దుమ్ములో చేరతాయి. 2000 ఫిబ్రవరి 1 నుంచి మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగింది. కానీ అంతకుముందు రోడ్ల పక్కన పడిన సీసం కుళ్లదు, ఆవిరైపోదు. మట్టి రేణువులకు అంటుకుని పైపొరలోనే ఉండిపోతుంది. సేంద్రియ వ్యర్థానికీ లోహానికీ ఉన్న ప్రధాన తేడా ఇదే. మురుగు శుద్ధి కేంద్రం సేంద్రియ మలినాన్ని తినేసే సూక్ష్మజీవులను పెంచుతుంది. లోహాన్ని మాత్రం ఏ సూక్ష్మజీవీ మాయం చేయలేదు, అది నీటిలోంచి బురదలోకి మారుతుంది, అంతే.

సాటి వాడలు చెప్పిన పాఠం

హైదరాబాద్ పారిశ్రామిక నేలలను పరీక్షించిన సంస్థ ఉప్పల్ రోడ్డు మీదే ఉంది. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అంటే ఎన్‌జీఆర్‌ఐ, శాస్త్రవేత్తలు పటాన్‌చెరు నేలలపై 2001లో, కాటేదాన్ నేలలపై 2008లో, బాలానగర్ నేలలపై 2011లో పరిశోధన పత్రాలు వెలువరించారు. వీటిలో నార్వే నిపుణులతో కలిసి చేసిన కాటేదాన్ అధ్యయనం ఉప్పల్, నాచారాలకు బాగా పనికొచ్చే పాఠం. అక్కడా ఇదే గ్రానైట్ నేల, ఇదే అరకొర వానల వాతావరణం. బ్యాటరీలు, మెటల్ ప్లేటింగ్, రంగుల అద్దకం, వంటనూనె, రసాయనాలు వంటి పనులు చేసే దాదాపు 300 పరిశ్రమలు అక్కడ ఉండేవి.

కాటేదాన్ వాడంతటా సీసం, క్రోమియం, నికెల్, జింక్, ఆర్సెనిక్, కాడ్మియం ఎక్కువ మోతాదులో కనిపించాయి. శుద్ధి చేయని వ్యర్థజలాన్ని ఖాళీ నేల మీదికో, గుంటల్లోకో వదలడం, ఘన వ్యర్థాలను రోడ్ల పక్కన పోయడం అక్కడ మామూలుగా ఉండేది. ఇలా పోసిన వ్యర్థాలను వాన, గాలి వాడ అంతటా పరిచాయన్నది శాస్త్రవేత్తల అంచనా. నివాస ప్రాంతాల్లో కనిపించిన కాలుష్యానికి మాత్రం అక్కడికక్కడే పడేసిన చెత్తే ముఖ్య కారణం కావచ్చని వారు భావించారు. అంటే వాడ హద్దు దాటి వచ్చేశాం కదా అని నేల శుభ్రమైపోదు. ఒక లారీ లోడు వ్యర్థం పడిన జాగా చాలు.

ఆ అధ్యయనం మరో సంగతీ తేల్చింది. ఆర్సెనిక్, క్రోమియం అక్కడి రాతిలోనే సహజంగా ఎక్కువ. పోలికకు తీసుకున్న కెనడా దేశపు నేల ప్రమాణాలను అవి వాటంతట అవే దాటిపోతాయి. కానీ రాతి ఖనిజంలో బిగుసుకున్న లోహం మొక్కకు సులువుగా అందదు. పరిశ్రమ వదిలిన లోహం అంతకంటే ఎక్కువగా అందుతుంది. అందుకే మట్టిలో మొత్తం ఎంత లోహం ఉందన్న లెక్కతో సరిపెట్టకుండా, మొక్కకు అందేది ఎంత అని కూడా తేల్చుకోవాలి.

వేరు ఎలా పీల్చుకుంటుంది

మొక్కకు ఇనుము, జింక్, రాగి, మాంగనీస్ కొద్ది కొద్దిగా కావాలి. వాటిని లోపలికి తీసుకునేందుకు వేరు కణాల పొరలో ప్రత్యేకమైన ప్రోటీన్లు ద్వారాల్లా పనిచేస్తాయి. కాడ్మియం మొక్కకు ఎందుకూ కొరగాదు. అయినా రసాయన గుణంలో జింక్‌ను పోలి ఉండటం వల్ల ఆ ద్వారాల్లోంచే లోపలికి దూరుతుంది. నేలలో ఇనుము కరువైతే మొక్క ఈ ద్వారాలను మరిన్ని తెరుస్తుంది, కాడ్మియానికి దారి ఇంకా సులువవుతుంది. లోపలికి వచ్చాక అది వేళ్లలో నిలవకుండా ఆకుల దాకా ఎక్కగలదు.

సీసం తీరు వేరు. అది వేరు కణాల గోడలకు అంటుకుని చాలావరకు అక్కడే ఆగిపోతుంది. కాబట్టి వేరును మందుగా వాడే మొక్కల్లో మట్టి సీసం ముఖ్యమైన సమస్య. ఆకును వాడే మొక్కల్లో గాలి నుంచి పడే సీసం దుమ్ము కూడా అంతే ముఖ్యం. క్రోమియంలో రెండు రూపాలున్నాయి. మూడు సంయోజకతల క్రోమియం మట్టికి అతుక్కుని కదలదు. ఆరు సంయోజకతల క్రోమియం నీటిలో తేలిగ్గా కరిగి కదులుతుంది, విషగుణమూ దానికే ఎక్కువ.

మట్టి పులుపు పెరిగే కొద్దీ లోహాలు ఎక్కువగా కరిగి వేళ్లకు అందుతాయి. బంకమన్ను, పశువుల ఎరువు వంటి సేంద్రియ పదార్థం లోహాలను పట్టి ఉంచుతాయి. ఎర్ర చెలకలో ఈ రెండూ తక్కువ, అందుకే దానికి లోహాన్ని బంధించే శక్తీ తక్కువే. నల్లరేగడితో పోలిస్తే, అదే మోతాదు లోహం ఎర్ర చెలకలో పడితే మొక్కకు ఎక్కువగా అందే అవకాశం ఉంది.

మోరీ గట్టున గలిజేరు

ఉప్పల్, నాచారం ఖాళీ జాగాల్లో పెరిగే మొక్కల్లో చాలావాటికి ఇంటి వైద్యంలో చోటుంది. ఉత్తరేణి పుల్లతో పళ్లు తోముకుంటారు. పచ్చకామెర్లకు నేల ఉసిరి పసరు తాగుతారు. గుంటగలగర ఆకును తలనూనెలో కాస్తారు. తంగేడు పువ్వు, బెరడు, తుత్తురబెండ ఆకు, కుప్పింటాకు, పల్లేరు కాయ, తుమ్మి, వావిలి, జిల్లేడు, ఉమ్మెత్త, ప్రతిదానికీ ఏదో ఒక వాడుక ఉంది. తిప్పతీగ ప్రహరీల మీదా, కరెంటు స్తంభాల మీదా పాకుతుంది. కోవిడ్ కాలంలో దాని కషాయం తాగేవారు బాగా పెరిగారు.

వీటిలో గలిజేరును దగ్గరగా చూస్తే సమస్య అంతా అర్థమవుతుంది. అటికమామిడి అనీ, పునర్నవ అనీ పిలిచే ఈ మొక్క నేల మీద పరుచుకుని పెరుగుతుంది. దాని తల్లివేరు లావుగా, లోతుగా దిగుతుంది. ఆకులు మట్టికి తాకుతూ ఉంటాయి కాబట్టి వాన చినుకు పడినప్పుడల్లా మట్టి చిమ్మి వాటి అడుగున అంటుకుంటుంది. కాయలు జిగురుగా ఉండి దుమ్మును పట్టుకుంటాయి. మోరీ గట్టున మొలిచిన గలిజేరుకు వేరు నుంచి మురుగులోని లోహం, పైనుంచి రోడ్డు దుమ్ము రెండూ అందుతాయి. దీన్ని ముఖ్యంగా ఒంటి వాపులకు, మూత్రపిండాల జబ్బులకు వాడతారు. కాడ్మియం ఎక్కువగా పేరుకునేది కూడా మూత్రపిండాల్లోనే. జబ్బు పడిన అవయవానికే హాని చేసే లోహాన్ని మందు పేరుతో అందించే ప్రమాదం ఇక్కడ ఉంది.

మొక్క తడి నేలను ఇష్టపడేదైతే ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. గుంటగలగర, పొన్నగంటి కూర చెరువు అంచున, మురుగు కాలువ పక్కన ఏపుగా పెరుగుతాయి. ఏపుగా ఉండటం మొక్క ఆరోగ్యానికి గుర్తే గానీ, తినేవారి ఆరోగ్యానికి హామీ కాదు. కాడ్మియం ఎక్కువగా ఉన్న ఆకు కూడా పచ్చగా, నవనవలాడుతూ ఉండొచ్చు. రంగు, రుచి, వాసన ఏవీ లోహాన్ని పట్టివ్వవు.

వినాయక చవితి పత్రికీ, బతుకమ్మ తంగేడుకీ, గునుగుకీ జనం వెళ్లేది ఇలాంటి ఖాళీ జాగాలకే. పూజకు వాడే ఆకు, బతుకమ్మలో పేర్చే పువ్వు కడుపులోకి వెళ్లవు కాబట్టి వాటితో ఈ చిక్కు లేదు. పసరు, చూర్ణం, కషాయం, కూర రూపంలో లోపలికి వెళ్లే వాటి దగ్గరే జాగ్రత్త కావాలి.

ల్యాబ్‌లో ఏం చేస్తారు

మొక్కనూ, దాని వేళ్ల చుట్టూ ఉన్న మట్టినీ ఒకేసారి సేకరించడం ఈ పరీక్షలో మొదటి నియమం. ప్లాస్టిక్ పనిముట్లతో మట్టి తీస్తారు, ఎందుకంటే ఇనుప పార నుంచే లోహం అంటుకోవచ్చు. మొక్కను వేరు, కాండం, ఆకులుగా విడదీసి కుళాయి నీటితో, ఆ తర్వాత స్వేదనజలంతో కడుగుతారు. కొన్ని ఆకులను కడగకుండా పక్కన పెడతారు. కడిగిన ఆకుకూ కడగని ఆకుకూ మధ్య తేడాయే దుమ్ము వాటా. ఆపైన ఓవెన్‌లో ఎండబెట్టి, పొడి చేసి, గాఢ నత్రికామ్లం వంటి ఆమ్లాల్లో పూర్తిగా కరిగే దాకా వేడి చేస్తారు. ఆ ద్రావణాన్ని అటామిక్ అబ్సార్ప్షన్ యంత్రంలోనో, ఐసీపీ–ఎంఎస్ యంత్రంలోనో పెట్టి లోహాలను కొలుస్తారు.

ఫలితాలను రెండు నిష్పత్తులుగా చదువుతారు. మొక్కలోని లోహాన్ని మట్టిలోని లోహంతో భాగిస్తే మొక్క ఎంత పీల్చుకుందో తెలుస్తుంది. ఆకులోని లోహాన్ని వేరులోని లోహంతో భాగిస్తే పైకి ఎంత పంపిందో తెలుస్తుంది. ఉదాహరణకు మట్టిలో కిలోకు 100 మిల్లీగ్రాముల సీసం, వేరులో 40, ఆకులో 10 ఉన్నాయనుకుందాం. వేరుకు మొదటి నిష్పత్తి 0.4, ఆకుకు రెండో నిష్పత్తి 0.25. ఈ మొక్క సీసాన్ని వేళ్లలోనే బంధిస్తోందన్న మాట. రెండో నిష్పత్తి ఒకటి దాటితే ఆ మొక్క లోహాన్ని ఆకుల్లోకి తోస్తోందని అర్థం.

ఎంత వరకు ఫరవాలేదు

ఎండిన ఔషధ మొక్కల్లో కిలోకు సీసం 10 మిల్లీగ్రాములు, కాడ్మియం 0.3 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన ఆయుర్వేద ప్రమాణాలు ఈ రెంటికీ అవే హద్దులు పెట్టి, ఆర్సెనిక్‌కు 3, పాదరసానికి 1 మిల్లీగ్రాము హద్దు చేర్చాయి. పూర్తిగా మూలికలతో చేసి ఎగుమతి చేసే మందులకు భార లోహాల పరీక్షను కేంద్ర ఆయుష్ విభాగం 2006 జనవరి 1 నుంచి తప్పనిసరి చేసింది. అంతకు ముందు, 2004లో, అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో అమ్ముతున్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్లో 14 లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉన్నట్టు ఒక అధ్యయనం బయటపెట్టింది. రసౌషధాల్లో లోహాలను కావాలనే శుద్ధి చేసి కలుపుతారు. అది వేరే చర్చ. నేల నుంచి వచ్చే లోహం మాత్రం ఎవరూ కలపకుండానే మందులో చేరుతుంది.

లెక్క వేసి చూస్తే విషయం తేటపడుతుంది. కిలోకు 20 మిల్లీగ్రాముల సీసం ఉన్న ఆకు చూర్ణం రోజుకు 5 గ్రాములు తీసుకుంటే, 100 మైక్రోగ్రాముల సీసం కడుపులోకి వెళుతుంది. కషాయమైతే కొంతే నీటిలోకి దిగుతుంది, మిగిలింది పిప్పిలో పోతుంది. పచ్చి ఆకులో నీరే ఎక్కువ కాబట్టి అదే బరువుకు లోహం తక్కువ. చూర్ణంలో మాత్రం ఉన్నదంతా లోపలికే వెళుతుంది. సీసానికి సురక్షితమైన మోతాదంటూ ఏదీ నిర్ణయించలేమని 2010లో ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల ఉమ్మడి నిపుణుల కమిటీ తేల్చి, పాత వారపు హద్దును ఉపసంహరించుకుంది. పెద్దలతో పోలిస్తే పిల్లల పేగులు నాలుగైదు రెట్లు ఎక్కువ సీసాన్ని గ్రహిస్తాయి. సీసం ఎముకల్లో దశాబ్దాలు నిలుస్తుంది. కాడ్మియం మూత్రపిండాల్లో సగం తగ్గడానికే 10 నుంచి 30 ఏళ్లు పడుతుంది. ఒక పూట తాగిన కషాయం వల్ల ఎవరూ పడిపోరు. నెలల తరబడి రోజూ తీసుకునే చూర్ణం అసలు ప్రమాదం.

సుగంధిపాల చెప్పే రెండు నిజాలు

మొక్కల ఈ గుణమే నేలను బాగుచేసే పనిముట్టు కూడా. లోహాలను అసాధారణంగా కూడబెట్టే మొక్కలను పరిశోధకులు 1970ల నుంచి ప్రత్యేక వర్గంగా చూస్తున్నారు. ఆర్సెనిక్‌ను పీల్చే ఒక రకం ఫెర్న్ గురించి 2001లో నేచర్ పత్రికలో వెలువడిన పరిశోధన దీనికి పెద్ద ఊపునిచ్చింది. హైదరాబాద్ శాస్త్రవేత్తలు ఇందుకోసం మన సుగంధిపాలనే పరీక్షించారు. పరిశ్రమల వల్ల పాడైన మట్టిలోంచి సీసాన్ని తీయడంలో ఈ మొక్క సామర్థ్యంపై తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ పరిశోధకుల పత్రం 2005లో కీమోస్ఫియర్ పత్రికలో అచ్చయింది.

వేసవిలో చలువ కోసం తాగే సుగంధి షర్బత్‌కు మూలం ఈ మొక్క వేరే. పాడైన నేలను శుభ్రం చేయగల మొక్క అదే నేలలో పెరిగితే తాగడానికి పనికిరాదు. శుద్ధి కోసం పెంచిన మొక్కలను కోసి ప్రమాదకర వ్యర్థాలుగానే పారవేయాలి. పశువులకు వేసినా, వంటచెరకుగా కాల్చినా ఆ లోహం తిరిగి జనంలోకే వస్తుంది. మూసీ మురుగుతో సాగైన నేలల మీద హైదరాబాద్ పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనం మట్టి, పశుగ్రాసం, పాలు, కూరగాయలు అన్నింటినీ ఒకే గొలుసుగా పరిశీలించడానికి కారణం ఇదే.

2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. అదే ఏడాది నవంబరులో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్ పారిశ్రామిక భూములను ఇళ్లకూ, వాణిజ్యానికీ మార్చుకునే విధానాన్ని ప్రకటించింది. పరిశ్రమ తరలిపోతే పొగ ఆగుతుంది, మట్టిలోని సీసం మాత్రం అక్కడే ఉంటుంది. భూమి వాడుక మారే ముందే మట్టి పరీక్ష జరిగి, ఆ ఫలితాలు జనానికి అందుబాటులో ఉంటేనే ఈ రెండు నిర్ణయాలూ ఒకదానికొకటి తోడవుతాయి.

ఇంట్లో పాటించదగినవి

ఔషధ మొక్కల సేకరణపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ఇచ్చిన మార్గదర్శకాలు రోడ్డు పక్కన, మురుగు కాలువల పక్కన, చెత్తకుప్పల దగ్గర, కర్మాగారాల సమీపంలో మూలికలు కోయవద్దని సూచించాయి. ఉప్పల్, నాచారాల్లో మనకు కనిపించే ఖాళీ జాగాల్లో చాలావరకు ఈ జాబితాలోకే వస్తాయి. ఆకులను బాగా కడిగితే దుమ్ము పోతుంది, వేరు తోలు గీకితే సీసంలో కొంత పోతుంది. లోపలికి ఇంకిన కాడ్మియం కడిగినా, మరిగించినా పోదు. రోజూ వాడాల్సిన తులసి, తిప్పతీగ, గలిజేరు వంటివి తెలిసిన చోటి మంచి మట్టి, పశువుల ఎరువు వేసి కుండీల్లో పెంచుకోవడం మేలు. అంగట్లో చూర్ణం కొనేటప్పుడు తయారీ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు ఉన్నాయో లేదో చూసుకోవాలి. గర్భిణులు, చిన్నపిల్లలు, మూత్రపిండాల జబ్బున్నవారు ఖాళీ జాగాల్లో కోసుకొచ్చిన మూలికలకు దూరంగా ఉండాలి.

మూలిక ఇచ్చేవారిని ఇది ఏ మొక్క, దేనికి వాడతారు అని అడగడం మనకు అలవాటే. ఏ నేలలో పెరిగింది అన్న ప్రశ్నను కూడా ఇకపై వాటితో కలిపి అడగాలి. సరైన జవాబు రాకపోతే ఆ మూలికను వాడకపోవడమే మంచిది.